వంతెన కింద మనిషి

ఏటి ఒడ్డున పడవ ఎక్కుతున్న ఇస్త్రీ అక్కని కిందటి వారం రేవులోనే వదిలేసి వచ్చాం. ఆమె చంకలో ఒక సంచీ ఉంది, సంచీలో ఒక స్వెట్టర్ ఉంది. అక్కడిదాకా ఎలా వచ్చిందో మరిచిపోయినవాళ్ళకి, ఇవాళే కథ పట్టుకున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను.

ఏటికి రెండు వైపులా పరుచుకున్న చిన్న ఊరు. రెండు ఒడ్డుల్నీ కలిపేది ఒకే ఒక పాత ఇనుప వంతెన. ఒక వాన రోజున, పట్టపగలు, బస్సు డ్రైవరు ఆ వంతెన నడిమధ్యలో ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. ఆయన్ని ఊరంతా 'నిదానం' అంటారు. ఎద్దుబండి వెనకపడ్డా హారన్ కొట్టని మనిషి. అలాంటివాడు బ్రేకు తొక్కితే జనం సీట్ల మీంచి జారిపడ్డారు. ఆయన ఒక్కడే వానలోకి దిగాడు. కాసేపటికి తడిసి ముద్దయి ఎక్కి, "వంతెన కుంగింది. అందరూ దిగి వెనక్కి నడవండి" అన్నాడు. జనం దాటాక ఖాళీ బస్సుని వెనక్కి నడుపుకొచ్చాడు. ఆ సాయంత్రమే వంతెనకి రెండు చివర్లా అడ్డకర్రలు వేసి రాకపోకలు ఆపేశారు.

మొదట్లో ఆయన్ని దేవుడన్నారు. తరవాత ఇంజినీరు వచ్చి తాళ్ళు కట్టుకుని కిందికి దిగి చూసి, తుప్పు ఉంది గానీ కుంగినట్టు ఎక్కడా ఆనవాలు లేదన్నాడు. దాంతో దేవుడు కాస్తా అబద్ధాలకోరు అయిపోయాడు. చుట్టూ తిరిగి బడికి వెళ్ళే పిల్లల తల్లులు, బేరాల్లేక ఈగలు తోలుకుంటున్న కొట్లవాళ్ళు ఆయన కనిపిస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. అదే బస్సులో కండక్టరు, ఎవరికీ చిల్లర సరిగ్గా తిరిగివ్వడు కాబట్టి 'చిల్లర' అని పేరు పడ్డవాడు, డ్రైవరు భార్య, ఊరి బట్టలు ఇస్త్రీ చేసే ఇస్త్రీ అక్క దగ్గరికి వచ్చి, "వంతెన కదిలినట్టు నాకైతే తెలీలేదొదినా. అన్నయ్య మాత్రం ఎక్కేటప్పుడు చంకలో ఏదో దాచుకుని ఎక్కాడు" అని ఒక పుల్ల పెట్టి పోయాడు.

ఆ దాచుకున్నది ఇస్త్రీ అక్కకి భర్త డ్యూటీ సంచీలో దొరికింది. ఆకుపచ్చ స్వెట్టర్. ఆడపిల్లది. "ఎవరో బస్సులో మరిచిపోయారు" అన్నాడాయన. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆ తరవాత ఆయన పడవెక్కి అవతలి ఒడ్డున ఫోటో స్టూడియోకి వెళ్ళి వస్తున్నాడని తెలిసింది. ఆ స్టూడియో నడిపేది ఒక పెళ్ళికాని పిల్ల.

ఇక ఈ వారం సంగతి.

* * *

పడవ ఒడ్డు వదిలింది. వంతెన నీడ నీళ్ళ మీద వంకర్లు పోతోంది. తలెత్తితే ఇనుప దూలాలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, నిచ్చెనలన్నీ కలిపి కుట్టినట్టు ఆకాశానికి అడ్డంగా కనిపిస్తున్నాయి. ఇవతలి ఒడ్డున అడ్డకర్రల దగ్గర అప్పుడే జనం పోగవుతున్నారు.

"ఇవాళ లోడు లారీ ఎక్కించి చూస్తారటక్కా," అన్నాడు పడవవాడు. "తట్టుకుంటే రేపే తెరుస్తారు. నా పడవ బోర్లించుకోవాలి. తట్టుకోకపోతే నాకు తిండి, ఊరికి తిప్పలు. ఏది కోరుకోవాలో తెలీక ఊరికే తెడ్డేస్తున్నా."

"కుంగిందని చెప్పింది మా ఆయన. నువ్వేమంటావు?"

"నేనెవర్నక్కా అనడానికి. కాకపోతే..."

"కాకపోతే?"

"ఏం లేదులే."

ఈ మధ్య ఆమెకి ఊళ్ళో ఎవరితో మాట్లాడినా చివరికి మిగిలేది ఆ 'ఏం లేదులే'. ఇస్త్రీకి బట్టలు తెచ్చినవాళ్ళూ అదే అంటారు, పాలవాడూ అదే అంటాడు. పొద్దున భర్త కూడా అదే అన్నాడు. కంచంలో అన్నం కెలికి వదిలేసి లేచాడు. "ఏమైంది?" అంటే, "ఏం లేదులే" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. లారీ పరీక్ష ఇవాళేనని ఆయనకి తెలుసు. ఆమెకి మాత్రం చెప్పలేదు.

అవతలి రేవులో దిగి ఆమె గబగబా నడిచింది. స్టూడియో మెయిన్ రోడ్డు మీదే ఉంది. అటూ ఇటూ ఉన్న కొట్లు సగం షట్టర్లు దించుకుని కునుకు తీస్తున్నాయి. స్టూడియో గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. కళ్ళు పూర్తిగా తెల్లబడ్డాయి. ఒకప్పుడు ఈ రెండు ఒడ్డుల్లో ఆయన కెమెరా ముందు కూర్చోని పెళ్ళికొడుకు లేడు.

"ఎవరది? ఈ వీధి చెప్పుల చప్పుడు కాదే," అన్నాడు.

"ఫోటో తీయించుకుందామని వచ్చాను."

"ఆడమనిషివా! నేను బస్సు డ్రైవరు అనుకున్నా. ఈ మధ్య మా గుమ్మం ఎక్కేది ఆయనొక్కడే."

ఆమె చంకలోని సంచీని ఇంకాస్త అదిమి పట్టుకుంది. "ఆయనకి అన్ని ఫోటోలు దేనికో?"

"అదే నాకూ అర్థం కాదు తల్లీ. ఒక్క ఫోటో తీయించుకోడు. కాసేపు కూర్చోమన్నా కూర్చోడు. లోపల మా అమ్మాయితో గుసగుసలాడి వెళ్ళిపోతాడు. నాకు పోయింది చూపేగానీ చెవులు కాదుగా. నేను దగ్గితే ఇద్దరూ ఆపేస్తారు. మంచివాడని పేరున్న మనిషి కదా అని ఊరుకున్నా." ఆయన లోపలికి తిరిగి కేకేశాడు. "అమ్మాయీ! మనిషొచ్చింది."

లోపలి తెర తొలగించుకుని ఆ పిల్ల వచ్చింది. పాతికేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతిలో గొడుగు, భుజాన సంచీ. ఎక్కడికో బయల్దేరుతోంది.

బట్ట చూసి మనిషిని చెప్పేస్తుందని ఇస్త్రీ అక్కకి పేరు. చొక్కా కాలరు చూసి ఇంట్లో గొడవయిందో లేదో చెప్పగలదు. ఆ పిల్ల చొక్కా శుభ్రంగానే ఉంది. చేతులు మాత్రం మణికట్టు దాకా లాక్కుని గుండీలు పెట్టుకుంది, ఈ ఉక్కలో. కుడిచేతి గుండీ కింద నుంచి మానుతున్న గాటు ఒకటి కాస్త బయటికి కనిపించింది.

"ఇవాళ కుదరదండీ. అర్జెంటుగా అవతలికి వెళ్ళాలి," అంది ఆ పిల్ల.

'అవతలికి! ఎవరి కోసం?' అనుకుంది ఇస్త్రీ అక్క. పైకి మాత్రం, "ఒక్క ఫోటో. ఎంతసేపు పడుతుంది?" అంది.

"కూర్చోబెట్టవే. బోణీ బేరం వదులుకుంటావా?" అన్నాడు తండ్రి.

ఆ పిల్ల గొడుగు గోడకి ఆనించింది. లోపల లైట్లు వేసింది. వెనకాల నీలం తెర, ముందు ఎత్తు స్టూలు. ఇస్త్రీ అక్క స్టూలు మీద కూర్చుంది. పిల్ల పెట్టెలోంచి తండ్రి నాటి పాత కెమెరా తీసి స్టాండు మీద బిగించింది.

"గడ్డం కాస్త కిందికి. చేతులు ఒళ్ళో పెట్టుకోండి," అంటూ కెమెరాకి కన్ను ఆనించింది.

ఇస్త్రీ అక్క సంచీలోంచి స్వెట్టర్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఉతికి, మడత నలగకుండా ఇస్త్రీ చేసిన స్వెట్టర్. శత్రువు బట్టయినా మురికిగా తిరిగివ్వడం ఆమెకి చేతకాదు.

కెమెరా వెనక ఆ పిల్ల కదలడం ఆపేసింది. మీట మీది వేలు మీట మీదే ఉండిపోయింది.

"తియ్యమ్మా. ఆగిపోయావేం?"

పిల్ల తలెత్తింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరు... మీరు డ్రైవరుగారి..."

"భార్యని. ఇంకా భార్యనే." ఆమె మడతల మీద చెయ్యి వేసి నిమిరింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏం ఎన్నాళ్ళ నుంచి?"

"నా నోటితో చెప్పించకు. ఇంట్లో తిండి తినడు. నిద్రలో ఉలిక్కిపడతాడు. ఇంటి గుమ్మం దాటితే ఈ గుమ్మంలో తేలతాడు. నీ స్వెట్టర్ ఆయన సంచీలో దొరుకుతుంది. కూతురి వయసు దానివి. నీకు సిగ్గు లేకపోతే ఆ ముసలాయన మొహం చూసైనా..."

"అయ్యో, పిన్నీ!" ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వబోయిందో ఏడవబోయిందో తెలీలేదు. "నేనూ... బాబాయా? మీరు అలా అనుకున్నారా?"

బాబాయ్ అన్న ఆ ఒక్క మాట ఇస్త్రీ అక్క చెవికి తాకింది. అబద్ధమాడేవాళ్ళు వరస కలిపేటప్పుడు కాస్త తడుముకుంటారు. ఈ పిల్ల తడుముకోలేదు. అలవాటుగా, పుట్టింటి మనిషిని పిలిచినట్టు పిలిచింది. ఇస్త్రీ అక్క పిడికిలి కొద్దిగా వదులైంది. అనుమానం మాత్రం వదులు కాలేదు.

"అయితే చెప్పు. ఏం జరిగింది?"

పిల్ల తెర అవతలికి తొంగి చూసింది. తండ్రి వీధిలో ఎవరితోనో పలకరింపుల్లో ఉన్నాడు. ఆమె తెర దగ్గరగా లాగి, చేతి గుండీలు విప్పి చూపించింది. మోచేతి నుంచి మణికట్టు దాకా గీరుకుపోయిన గాట్లు. కొన్నిచోట్ల ఇంకా పొక్కులున్నాయి.

"ఇది వంతెన చేసిందే పిన్నీ. ఏరు పొంగినప్పుడు వంతెన అడుగు నుంచి ఫోటో తీయాలని ఎప్పటి నుంచో నాకు పిచ్చి. వాన పట్టకముందే వెళ్ళి, కమ్మీలు దాటి, బయట పనివాళ్ళు నడిచే ఇనుప పలక ఉంటుంది చూశారా, దాని మీదికి దిగాను. నాన్నకి చెప్తే కాళ్ళు విరగ్గొడతాడు, అందుకే చెప్పలేదు. ఇంతలో వాన దంచేసింది. సరే వెనక్కి ఎక్కుదామనుకుంటుంటే కిందనుంచి ఠంగు ఠంగుమని చప్పుడు. ఇనుము మీద ఇనుము. వంగి చూశాను."

"చూస్తే?"

"కింద దూలం మీద ఒక మనిషి గుర్రమెక్కినట్టు కూర్చున్నాడు. చేతిలో పానా. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. నేనూ ఉలిక్కిపడ్డాను. కాలు జారింది. కెమెరా ఏట్లో పడిపోయింది. నేను కమ్మీ పట్టుకుని వేలాడుతున్నా. అరిచినా వానలో ఎవరికి వినిపిస్తుంది? అప్పుడే బస్సొచ్చింది. బాబాయ్ ఒక్కడే చూశాడు. దిగి పరుగెత్తుకొచ్చి ఈ స్వెట్టర్ పట్టుకుని పైకి లాగాడు. నేను పైకొచ్చాను, స్వెట్టర్ ఆయన చేతిలో ఉండిపోయింది. జనం దిగేలోపు నన్ను ఇటు ఒడ్డుకి పరుగెత్తమన్నాడు. ఆయన లేకపోతే ఇవాళ మా నాన్నకి దిక్కు లేదు పిన్నీ."

ఇస్త్రీ అక్క ఆ గాట్ల వైపే చూసింది. లోపల ఏదో ముడి విడిపోతున్నట్టు, ఆ వెంటనే ఇంకోటి బిగుసుకుంటున్నట్టు అనిపించింది. భర్త ఒక ప్రాణం నిలబెట్టాడు. అందులో దాచాల్సిందేముంది? నలుగురికీ చెప్పుకుంటే పూలదండ వేసేవారు.

"అయితే వంతెన కుంగలేదు."

"లేదు."

"మరి కుంగిందని ఎందుకు చెప్పాడు?"

పిల్ల చూపు తిప్పుకుంది. "కింద ఎవరో బోల్టులు విప్పుతున్నారని నేనే చెప్పాను. బస్సు ముందుకు పోతే కూలిపోతుందని భయపడ్డాడు. అందుకే జనాన్ని దింపేశాడు."

"ఆ మాటే పోలీసులకి చెప్పొచ్చుగా. ఇంజినీరుకి చెప్పొచ్చుగా. ఇన్నాళ్ళూ ఊరందరి చేతా తిట్లు తింటూ ఎందుకు కూర్చున్నాడు?"

"వద్దు పిన్నీ. అది మాత్రం నన్నడక్కండి. మాటిచ్చాను."

"ఎవరా మనిషి?"

పిల్ల గొడుగు వైపు చెయ్యి చాపింది.

"నేను ఇక్కడినుంచి కదలను. నువ్వు అవతలికీ వెళ్ళవు. చెప్పు. కింద కూర్చున్నది ఎవరు?"

పిల్ల కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. "మీ తమ్ముడు," అంది.

ఇస్త్రీ అక్క స్టూలు మీంచి లేచింది. స్వెట్టర్ కింద పడింది. "నోరు అదుపులో పెట్టుకో."

"నేను ముందే వద్దన్నాను..."

"వాడు నా చేతుల్లో పెరిగాడు. అమ్మ పోయిన నాటికి వాడికి నడక కూడా రాదు. నా చంకనెక్కి తిరిగాడు. వాడు నలుగురి ప్రాణాలు తీసే పని చేస్తాడా?"

గట్టిగానే అంది. కానీ ఆ గట్టితనం అడుగున ఒక మూల చల్లగా భయం పాకింది. తమ్ముడిది పాత ఇనుప సామాన్ల కొట్టు. ఒక లారీ కూడా ఉంది. పాత ఇనుము కొనేవాడి కంటికి కొత్త ఇనుము కూడా పాతదిలాగే కనిపిస్తుందని ఊళ్ళో జోకులేస్తారు. ఆ జోకులకి ఆమె కూడా నవ్వేది. నవ్వాక ఎందుకో వాడి కొట్టు వైపు ఒకసారి చూసేది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అక్క పట్టగలదా?

"వానలో నీకేం కనిపించింది? వాడేనని ఎలా చెప్తావు? ఊళ్ళో వాడి పోలికవాళ్ళు ఎంతమంది లేరు?"

"మా పాత ట్రంకు పెట్టెలు మీ తమ్ముడే కొన్నాడు పిన్నీ. నాకు మొహం తెలుసు. ఎడం చేత్తో పానా పట్టుకున్నాడు. నన్ను చూసి ఏదో అరవబోయాడు, మాట రాలేదు. నోటి నిండా బోల్టులున్నాయి. పెదాల మధ్య ఇలా, వరసగా."

ఇస్త్రీ అక్క మళ్ళీ కూర్చుండిపోయింది.

ఇక కాదనడానికి లేదు. చిన్నప్పుడు ఆమె దండెం మీద బట్టలు ఆరేస్తుంటే వాడు వెనకాలే తిరిగేవాడు. క్లిప్పులన్నీ పెదాల మధ్య వరసగా పెట్టుకుని, ఒక్కొక్కటీ తీసి బట్టకి తగిలించేవాడు. "మింగుతావురా వెధవా" అని ఎన్ని మొట్టికాయలు వేసినా మానలేదు. మీసాలు వచ్చాక క్లిప్పుల బదులు మేకులు వచ్చాయి, బోల్టులు వచ్చాయి. అలవాటు మాత్రం పోలేదు. దగ్గరివాళ్ళకి తప్ప తెలీని అలవాటది. ఈ పిల్ల కల్పించి చెప్పలేదు.

"బాబాయ్ ఆ రోజే నా చేతులు పట్టుకున్నాడు," అని పిల్ల మెల్లగా చెప్పుకుపోయింది. "మా ఆవిడకి తెలిస్తే బతకదు, వాణ్ణి కొడుకులా పెంచింది అన్నాడు. వంతెన మూసే ఉన్నన్నాళ్ళూ ఎవరి ప్రాణానికీ ముప్పు లేదుగా, నోరు విప్పకు అన్నాడు. నేను సరేనన్నాను, తెరుస్తామంటే మాత్రం ఆగనన్నాను. ఇవాళ లారీ ఎక్కిస్తున్నారని తెలిసింది. ఇంజినీరుకి చెప్పేద్దామనే బయల్దేరాను. మీరొచ్చారు."

అందుకా గొడుగు, అందుకా సంచీ. ఇస్త్రీ అక్కకి తన మీద తనకే అసహ్యం వేసింది. తన తమ్ముణ్ణి కాపాడటానికి ఊరందరి ముందూ దోషిలా నిలబడిన మనిషిని పట్టుకుని ఏమేం ఊహించుకుంది! నేల మీది స్వెట్టర్ తీసి, అలవాటుకొద్దీ మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి మడిచింది. రెండో చెయ్యి మడవబోతూ ఆగిపోయింది.

"వాడు విప్పుతున్నాడని నీకెలా తెలుసు?"

"అంటే?"

"నోట్లో బోల్టులున్నాయన్నావు."

"అవును. విప్పినవి..."

"కాదమ్మా. బట్టలు ఆరేసేటప్పుడే క్లిప్పులు నోట్లో పెట్టుకుంటాం. రెండు చేతులూ బట్ట మీద ఉంటాయి కాబట్టి. తీసేటప్పుడు ఎవరు పెట్టుకుంటారు? తీసింది తీసినట్టు బుట్టలో పడేస్తాం. దొంగ అయితే బోల్టు విప్పి సంచీలో వేసుకుంటాడు, లేదా ఏట్లో వదిలేస్తాడు. పెదాల మధ్య వరసగా ఎందుకు పేర్చుకుంటాడు? వాడు విప్పడం లేదు. బిగిస్తున్నాడు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట పెద్దాయన దగ్గు వినిపించింది.

"అందుకేనా," అంది పిల్ల, "ఇంజినీరు దిగి చూస్తే అన్నీ గట్టిగా ఉన్నాయి?"

"అందుకే."

"అయితే అంతకుముందు వదులుగా ఉన్నట్టేగా పిన్నీ. అవి విప్పిందెవరు?"

ఆ మాట అంటూనే పిల్ల మొహంలో ఏదో కదిలింది. ఏదో గుర్తు చేసుకుంటూ చేతి గుండీలు పెట్టుకుంది. ఒకటి పెట్టి ఆగింది.

"ఏమిటి?" అంది ఇస్త్రీ అక్క.

"ఏం లేదులే."

"ఆ మాట నా దగ్గర అనకు! ఏమిటో చెప్పు."

"బాబాయ్ వచ్చినప్పుడల్లా... నా దెబ్బలు ఎలా ఉన్నాయని ఒక్కసారీ అడగలేదు పిన్నీ. నేనేమీ తప్పు పట్టలేదు, గాభరాలో ఉన్నాడు కదా అనుకున్నా. ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. వాడు ఏ దూలం మీద కూర్చున్నాడు? అటు చివర ఉన్నదా, ఇటు చివర ఉన్నదా? నిన్ను చూసి ఏమైనా సైగ చేశాడా? ఆ తరవాత నీతో మాట్లాడాడా? మీ తమ్ముడితో ఎప్పుడూ ఒంటరిగా మాట్లాడనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వాణ్ణి కాపాడటానికే కదా అనుకున్నాను."

ఇస్త్రీ అక్క స్వెట్టర్ మడత పూర్తి చేసింది. కౌంటరు మీద పెట్టింది. బామ్మర్దిని కాపాడాలనుకున్న మనిషి ఏం చేస్తాడు? వాణ్ణి పక్కకి పిలిచి చెంప పగలగొట్టి, ఎందుకు చేశావురా అని అడుగుతాడు. ఈ ఇన్నాళ్ళలో ఆయన తమ్ముడి కొట్టు వైపు వెళ్ళింది లేదు. మొన్న వాడు ఇంటికి వస్తే ఈయన పెరటి తలుపు గుండా బయటికి వెళ్ళిపోయాడు. పని ఉందన్నాడు. ఏం పని అంటే ఏం లేదులే అన్నాడు.

అప్పుడు వినిపించింది, లారీ ఇంజిను చప్పుడు. బరువు మీదున్న లారీ మొదటి గేరులో మూలిగే మూలుగు. ఏటి మీదుగా వచ్చింది.

ఇద్దరూ వీధిలోకి పరుగెత్తారు. స్టూడియో మెట్ల మీంచే వంతెన మొత్తం కనిపిస్తుంది. అవతలి చివర అడ్డకర్రలు తీసేశారు. జనం రెండు వైపులా ఒత్తుకుని నిలబడ్డారు. ఇసుక నింపిన లారీ ఒకటి వంతెన మూతికి వచ్చి ఆగి ఉంది. నీలం రంగు ముందుభాగం. ఆ నీలం వేసిన రోజు తమ్ముడు లారీని తిన్నగా ఆమె ఇంటి ముందుకి తెచ్చి, "రంగెలా ఉందక్కా?" అని అడిగాడు.

లారీకి ఎదురుగా ఒక మనిషి రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు. అంత దూరం నుంచి కూడా ఆ భుజాల వంపు ఆమెకి తెలుసు. ఆయన చొక్కా పొద్దున ఆమే ఇస్త్రీ చేసింది. ఎవరో ఇద్దరు ఆయన్ని పట్టుకుని పక్కకి లాగుతున్నారు.

"నువ్వు ఇక్కడే ఉండు," అంది పిల్లతో. "నేను పిలిచేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు. మా ఆయనకి కూడా."

ఇవతలి చివర కాపలావాడు అవతలి తమాషా చూడటంలో పడి వెనక్కి తిరగలేదు. ఆమె అడ్డకర్రల కిందనుంచి దూరి వంతెన ఎక్కింది. పలకల సందుల్లోంచి కింద నీళ్ళు సుళ్ళు తిరుగుతూ కనిపించాయి. పక్క కమ్మీలు పట్టుకుంటే అరచేతికి తుప్పు అంటింది. కేకలు వినిపించాయి. "ఎవరావిడ? ఆపండి, ఆపండి!" ఇంజినీరు ఎర్రగుడ్డ ఊపుతున్నాడు. ఆమె ఆగలేదు. లారీ ముందు చక్రాలు వంతెన మీదికి ఎక్కాయి. ఎక్కీ ఎక్కగానే పలకలు చిన్నగా అదిరి ఆ అదురు ఆమె పాదాల్లోకి వచ్చింది.

లారీ ఆగింది. తలుపు తెరుచుకుంది. తమ్ముడు దిగి ఆమె వైపు నడిచి వచ్చాడు. పరుగెత్తలేదు. వంతెన మీద ఎక్కడ అడుగు వెయ్యాలో బాగా తెలిసినవాడిలా తిన్నగా, తొణక్కుండా వచ్చాడు.

"నీకు మతి పోయిందా అక్కా? బరువు మీదున్న బండికి ఎదురొస్తావా?"

"ఈ లారీ తోలడానికి ఎందుకు ఒప్పుకున్నావు? కూలితే?"

"కూలదు."

"అంత ధీమాగా ఎలా చెప్తున్నావు?"

వాడు పక్క కమ్మీ మీద చెయ్యి వేసి గట్టిగా ఊపి చూపించాడు.

"ఆ పిల్ల నాకంతా చెప్పిందిరా చిన్నోడా. నువ్వు కింద కూర్చున్నావట. నోట్లో బోల్టులు పెట్టుకున్నావట. ఒక్క మాట అడుగుతా, అమ్మ మీద ఒట్టేసి చెప్పు. విప్పావా, బిగించావా?"

అంత మగాడూ ఒక్క క్షణం చంకనెక్కిన పసివాడిలా కనిపించాడు.

"బిగించానక్కా. దొరికినన్ని బిగించాను. అవి ఊడి ఉన్నాయని నాకు ముందే తెలుసు. ఎవరికీ చెప్పకుండా సరిచేసేస్తే ఇల్లు నిలబడుతుందనుకున్నా."

"ఎవరిల్లు?"

వాడు తల వంచుకున్నాడు.

"ఎవరిల్లురా? విప్పిందెవరో నీకు తెలుసా?"

లారీ వెనకనుంచి పెనుగులాట వినిపించింది. పట్టుకున్నవాళ్ళని విదిలించుకుని ఆమె భర్త వంతెన ఎక్కాడు. జనం కేకలేస్తున్నా వినకుండా లారీ పక్కనుంచి వీళ్ళ వైపు వస్తున్నాడు. తమ్ముడు వెనక్కి తిరిగి చూడలేదు. అక్క భుజం మీద చెయ్యి వేసి, ఆమెని ఒడ్డుకి నడిపిస్తున్నవాడిలా దగ్గరికి లాక్కున్నాడు. ఆ చెయ్యి మంచుముక్కలా ఉంది. ఆమె చెవి దగ్గరికి వంగి, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు.

"తెలుసు. ఇప్పుడు అడక్కు. నీకేమీ తెలీనట్టే ఉండు. నన్ను తిడుతున్నట్టు తిట్టు, ఏదో ఒకటి తిట్టు... తొందరగా అక్కా, బావ చూస్తున్నాడు."